నిలువు ఏడు: తోరిమి

పోయిన వారం పెన్నమ్మను సంపాదకుడి గది గుమ్మం దగ్గర నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. లోపలికి రమ్మన్నారు, ఎందుకో చెప్పలేదు. చేతిలో టీ చల్లారిపోయింది. ఈ కథలోకి ఇవాళే అడుగుపెట్టినవాళ్ళకు ఆ అమ్మాయి సంగతి కాస్త చెప్పి, అప్పుడు తలుపు తీద్దాం.

ఆమె ఒక వారపత్రికలో గళ్ళనుడికట్టు పరీక్షించే మనిషి. పజిల్ అచ్చయ్యే ముందు ఎవరో ఒకరు పాఠకుల్లా కూర్చుని పూరించి చూడాలి కదా, ఆ ఒకరు ఈమె. ఆ పనికి అక్కడ ఒక పద్ధతి ఉంది. మేడమీద చిన్న గదిలో ఒంటరిగా కూర్చోవాలి. నిఘంటువు ఉండకూడదు, ఫోను ఉండకూడదు. పెన్సిలు అసలే పనికిరాదు, పెన్నుతోనే రాయాలి. పెన్నుతో రాస్తే కొట్టివేత దాగదు మరి. పరీక్షించే మనిషి ఎక్కడ తడబడితే అక్కడ ఆధారం సరిగా కుదరలేదని అర్థం, దాన్ని కూర్చినవారికే తిప్పి పంపుతారు. రెండేళ్ళుగా ఆ గదిలో పెన్ను పట్టుకుని కూర్చుంటోంది కాబట్టి ఈమె పెన్నమ్మ అయింది. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనబడదు.

పజిల్ కూర్చేవారి పేరు ఉడుత. అది కలం పేరు. అసలు మనిషి ఎవరో ఆఫీసులో ఎవరికీ తెలియదు. కూర్చేవారికీ పరీక్షించేవారికీ పరిచయం ఉండకూడదని, ఆరా తీయకూడదని, ఎప్పుడో రిటైరైన పాత సంపాదకుడు పెట్టిన నియమం అది. ఆయన వెళ్ళిపోయినా నియమం వెళ్ళలేదు. బజారులోని ఒక జిరాక్స్ షాపులో ప్రతి వారం రెండు కవర్లు ఉంటాయి. ఒకదానిలో గళ్ళూ ఆధారాలూ, రెండోదానిలో జవాబులు. జవాబుల కవరు పెన్నమ్మ పని ముగిసేదాకా సంపాదకుడి సొరుగులో తాళం కింద ఉంటుంది.

ఉడుత అంటే పెన్నమ్మకు పంచప్రాణాలు. తనకు అర్థమయ్యే బుర్ర లోకంలో ఒకటే ఉందనీ, అది ఉడుతదేననీ ఆమె నమ్మకం. ఏమరుపాటుకూ మతిమరుపుకూ తేడా ఏమిటో, ఉలిపికట్టె అని ఎవరిని అనాలో ఆమెకు నేర్పింది బడి కాదు, ఆ గళ్ళే. సరే, ఇక తలుపు తీద్దాం.

లోపల సంపాదకుడు ఉన్నాడు. ఎదుటి కుర్చీలో టపా అక్క ఉంది. పాఠకుల ఉత్తరాలు విప్పి, పజిల్ జవాబులు సరిచూసే ఆవిడకు ఆఫీసు పెట్టిన పేరది. బల్ల మీద మూడు లావుపాటి నిఘంటువులు, మూడింటిలోనూ కాగితపు ముక్కలు గుర్తుగా పెట్టి ఉన్నాయి. ఎప్పుడూ పెన్నమ్మను చూడగానే "ఏమ్మా, ఈ వారం ఉడుత ఏమంటున్నాడు?" అని అడిగే పెద్దాయన, ఇవాళ కుర్చీ చూపించాడు, అంతే.

"పోయిన సంచిక పజిల్. నిలువు ఏడు చదువమ్మా," అన్నాడు, కాగితం ముందుకు తోసి.

"'లేచి వెళ్ళినవారు కుర్చీలో విడిచి వెళ్ళేది.' మూడక్షరాలు. తోరిమి."

"అంటే?"

పెద్దాయన హాస్యమాడుతున్నాడనుకుంది పెన్నమ్మ. "అంటే తోరిమేనండీ. ఎవరైనా కూర్చుని లేచాక ఆ చోటు కాసేపు వెచ్చగా ఉంటుంది చూడండి, అది."

"ఆ వెచ్చదనం నాకూ తెలుసమ్మా. ఆ మాటే తెలీదు."

పెన్నమ్మ నవ్వింది. ఆ గదిలో నవ్వింది తనొక్కతేనని తెలియడానికి కొంచెం సమయం పట్టింది.

"ఈ మూడింట్లోనూ వెతికాను," అన్నాడు ఆయన నిఘంటువుల మీద చెయ్యి వేసి. "తోరణం ఉంది. తోరం ఉంది. తోరిమి లేదు. తెలిసిన పండితులకు ఫోన్ చేశాను. ఒకాయన గ్రాంథికమేమో అన్నాడు, ఇంకొకాయన మాండలికమేమో అన్నాడు. మొత్తానికి ఇద్దరికీ తెలీదు. పాఠకులైతే చెప్పనే అక్కర్లేదు."

టపా అక్క తన ముందున్న కట్టలోంచి మూడు కార్డులు తీసింది. నిలువు ఏడులో చివరి అక్షరం 'మి' అని మాత్రం అందరికీ దొరికింది, ఎందుకంటే అది అడ్డంగా మిణుగురు అనే మాటలో కలుస్తుంది. మిగతా రెండు అక్షరాలకూ చుట్టూ నల్ల గడులే, ఏ మాటా తగలదు. అందుకని జనం తోచింది రాసేశారు. ఒకరు చెలిమి అన్నారు, ఒకరు కూరిమి అన్నారు. ఒకాయన బలిమి అని రాసి, కుర్చీ దిగాక మిగిలేది అదేనా అని సంపాదకుడినే ఎదురు ప్రశ్న వేశాడు.

"అక్కా, నువ్వైనా చెప్పు. బస్సులో ఎవరో లేచిన సీట్లో కూర్చుంటే తోరిమిగా ఉందనవూ?" అంది పెన్నమ్మ.

"చిరాగ్గా ఉందంటానే," అంది టపా అక్క జాలిగా.

పెన్నమ్మ ఆ కార్డులను మళ్ళీ చూసింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వాడుతున్న మాట. నీళ్ళు, అన్నం, చెప్పులు అనే మాటల పక్కనే అదీ ఉంటుంది ఆమె నోట్లో. ఇప్పుడు గుర్తు చేసుకుంటే, కాలేజీలో, సినిమా హాల్లో, బస్సుల్లో ఎన్నిసార్లో అంది. విన్నవాళ్ళు ఒక చిన్న నవ్వు నవ్వి ఊరుకునేవాళ్ళు. అర్థమై నవ్వుతున్నారనుకుంది ఇన్నాళ్ళూ. ఒక్కరూ అదేం మాట అని అడగలేదే! మనుషులకు ఇంత మొహమాటం పనికిరాదు.

"మరి మీరెందుకు అచ్చువేశారండీ?" అంది.

సంపాదకుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అదీ నా ఖర్మ. జవాబుల కవరులోనూ తోరిమే ఉంది, నీ కాగితంలోనూ తోరిమే ఉంది. కొట్టివేత లేదు, తడబాటు లేదు. ఇద్దరికీ తెలిసిన మాట నాకు తెలీదంటే బాగుండదని నోరు మూసుకుని పంపేశాను. నా తప్పు నేను ఒప్పుకుంటున్నాను. కానీ పత్రిక యజమానిగారు అడిగేది వేరే. నిఘంటువుల్లో లేని మాట, పాఠకుల్లో ఒక్కరికీ తెలీని మాట, కూర్చినవారికి తెలుసు, పరీక్షించినవారికి తెలుసు. మొదటి రెండక్షరాలు ఊహించి రాసే వీలు లేదు. దీనికి ఆయన ఒక్కటే అర్థం చెబుతున్నారు."

"నేను జవాబులు ముందే చూశాననా?"

"లేదా ఉడుత నీకు ముందే చెప్పాడని."

పెన్నమ్మకు మొదట ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎంత కోపమంటే, బల్లమీదున్న నిఘంటువు ఒకటి ఎత్తి ఎవరి మీదైనా వేద్దామా అనిపించింది. రెండేళ్ళలో ఏ ఆధారం తెలియకపోయినా నిజాయితీగా ఖాళీ వదిలింది. అచ్చులో తన పేరు రాకపోయినా, తన పెన్ను మాట మీద ఒక పేజీ నడుస్తోందన్న గర్వం ఒక్కటే ఆమెకు మిగిలిన ఆస్తి. అది కాస్తా ఇప్పుడు బజారున పడేలా ఉంది.

"నాకు ఉడుత ఎవరో తెలీదండీ. ఒట్టు. తెలిస్తే మొదట కాళ్ళకు దండం పెట్టేదాన్ని."

"నేను నమ్ముతానమ్మా. నేను నమ్మితే సరిపోదు." పెద్దాయన గొంతు తగ్గించాడు. "వచ్చే వారం పజిల్ వచ్చింది. రెండు కవర్లకూ సీలు తియ్యలేదు. రేపు పొద్దున యజమానిగారి ముందే తీస్తాను. నువ్వు అందరి ఎదుటా కూర్చుని పూరించు. నీ బుర్ర నీదేనని వాళ్ళ కళ్ళతో చూస్తే, మిగతాది నేను సర్దుతాను. ఈలోగా ఆ మాట నీకు ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కో. సాయంత్రం ఇంటికి ఫోన్ చేస్తాను."

"తెలీకపోతే?"

"పజిల్ పేజీ ఆగిపోతుంది. క్షమాపణ వేస్తాం. అందులో నీ పేరు ఉంటుంది."

ఇన్నాళ్ళకు అచ్చులో పేరు వచ్చే యోగం పట్టింది, చూశారా.

ఇంటికి వెళ్ళే దారిలో పెన్నమ్మ ఊరుకోలేదు. మందుల షాపులో ఆగి తోరిమి తెలుసా అని అడిగింది. ఆ షాపు మనిషి ఏ కంపెనీదని అడిగి, స్టాకు లేదన్నాడు. బస్సులో పక్కన కూర్చున్న ముసలావిడను అడిగితే, మా వీధిలో ఒకమ్మాయి పేరలాంటిదే అంది. కండక్టరు చిల్లరిచ్చి ముందుకు పోయాడు. ఒక్కో మనిషి తల అడ్డంగా ఊపుతుంటే భయంతో పాటు ఇంకేదో కూడా ఆమెలో మొదలైంది. అది కుతూహలం. తనకు ఇష్టమైన గళ్ళలో ఎక్కడో ఇరుక్కున్నప్పుడు కలిగే చక్కటి దురద లాంటిది. ఎవరికీ తెలియని మాట తనకు తెలుసు. ఉడుతకూ తెలుసు. అంటే తానూ ఉడుతా ఎప్పుడో ఎక్కడో ఒకే నోటి నుంచి ఆ మాట విన్నారు. ఆ నోరెవరిదో తెలిస్తే ఉడుత దొరికినట్లే. నింద సంగతి దేవుడెరుగు, రెండేళ్ళ ముచ్చట తీరబోతోందని ఆమె అడుగు వేగం పెరిగింది.

ఇంట్లో అమ్మ వంటింటి బల్ల దగ్గర కూర్చుని బీన్స్ తరుగుతోంది. అమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరయింది. ఇప్పటికీ ఎవరు పిలిచినా మొదట కాస్త వంగి వింటుంది, చెవికి ఎక్స్ఛేంజిలో తగిలించుకున్న యంత్రం ఇంకా ఉన్నట్టు. తల్లీకూతుళ్ళిద్దరే ఆ ఇంట్లో. కూతురు ప్రతి సాయంత్రం పజిళ్ళ గురించి వాగుతుంది, తల్లి నాకెందుకే ఆ గళ్ళ గోల అంటూ కూర కలుపుతుంది. రెండేళ్ళుగా అదే వరస.

"అమ్మా, తోరిమి అంటే ఏంటి?"

"అదేం ప్రశ్నే? తోరిమి అంటే తోరిమి. చెప్పులు బయట విడువు."

"ఆ మాట నీకెవరు నేర్పారు?"

"ఎవరు నేర్పడమేంటి, మా ఎక్స్ఛేంజిలో అందరూ అనేవాళ్ళు. కాల్స్ కలిపే బోర్డు ముందు కుర్చీ ఖాళీగా ఉండకూడదు కదా. డ్యూటీ దిగేవాళ్ళు లేస్తుండగానే ఎక్కేవాళ్ళు కూర్చోవాలి. ఎప్పుడు కూర్చున్నా కుర్చీ వెచ్చగానే ఉండేది. చలికాలం హాయి, ఎండాకాలం నరకం. పెద్ద ఆపరేటరమ్మ అనేది, 'ఈ తోరిమితో చస్తున్నానే' అని. ఆవిడ నోటికి ఏ మాట తోస్తే అది మాట అయ్యేది." అమ్మ నవ్వింది. తర్వాత చాకు ఆపి చూసింది. "ఏం, ఇప్పుడదంతా ఎందుకు?"

పెన్నమ్మ ఎగిరి గంతేసినంత పని చేసింది. పొద్దున్నుంచీ జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పింది. నిఘంటువులు, యజమాని, నింద, రేపటి పరీక్ష, అన్నీ. "అమ్మా, ఆ మాట మీ బోర్డు మీద పుట్టింది. బయట ఎవరికీ తెలీదు. ఉడుతకు తెలుసంటే ఉడుత మీ వాళ్ళలో ఒకడు! చెప్పు, మీలో గళ్ళ పిచ్చి ఎవరికుండేది? పెద్ద ఆపరేటరమ్మ కొడుకా? ఎవరైనా ఇంజనీరా?"

ఇంత మంచి వార్త విని అమ్మ సంతోషించలేదు. మొహం పాలిపోయింది. చేతిలో బీన్సు కాయ విరిచింది, విరిచిన ముక్కను మళ్ళీ విరిచింది.

"నిఘంటువులో లేదా?" అంది చాలా నెమ్మదిగా.

"ఎందులోనూ లేదు."

"చూసి ఉండాల్సింది," అంది అమ్మ తనలో తను. "తోరిమికి కూడా ఎవరైనా నిఘంటువు చూస్తారా? నీళ్ళకు చూస్తామా? అంత తేలికైన ఆధారం. 'లేచి వెళ్ళినవారు కుర్చీలో విడిచి వెళ్ళేది.' చిన్నపిల్లలకైనా తడుతుందనుకున్నా."

పెన్నమ్మ కుర్చీలో కూలబడింది. తను మాట ఒక్కటే చెప్పింది, ఆధారం చెప్పలేదు. అమ్మ పజిల్ పేజీ తిప్పనైనా తిప్పదు కదా.

"నువ్వు అనుకున్నావా?" అంది.

అమ్మ తల ఎత్తలేదు. చాకును బల్ల మీద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడుచుకున్న చేతుల్నే మళ్ళీ తుడుచుకుంది.

"బోర్డు మీద నా చేతులు ఒకచోట నిలిచేవి కావని ఉడుత అనేవాళ్ళు నన్ను."

 పెన్నమ్మ తల లోపల రెండేళ్ళూ ఒక్కసారి గిర్రున తిరిగాయి. ఇదే బల్ల దగ్గర కూర్చుని ఉడుతను ఎంత పొగిడిందో! ఒక్కోసారి ఈ వారం ఆధారం దరిద్రంగా ఉందని తిడితే, ఆ పూట అమ్మ కూరలో ఉప్పెందుకు ఎక్కువయ్యేదో ఇప్పుడు తెలిసింది. పోయిన నెలే కదా, అరమరిక అనే మాటకు అర్థం అమ్మకు వివరంగా చెప్పింది, దగ్గరవాళ్ళ దగ్గర కూడా మనసులో మాట దాచుకోవడమమ్మా అని. అమ్మ అలాగా అని ఊకొట్టింది. ఆ మాటను గళ్ళలో పెట్టింది అమ్మే. పెన్నమ్మకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ సిగ్గు అడుగునే పట్టలేని సంతోషం కూడా ఉంది. దేన్ని ముందు చూపించాలో తెలియలేదు.

"ఆ జిరాక్స్ షాపు..." అంది చివరికి.

"నా చేతిరాత నువ్వు పోల్చుకుంటావని ఆ షాపు అమ్మాయితో టైపు చేయిస్తున్నా. అంతకుముందు చేత్తోనే రాసి పంపేదాన్ని. నువ్వు ఆ ఉద్యోగంలో చేరకముందు నుంచే ఉడుతను నేను. పాత సంపాదకుడు ఫోనులో నాతో మాట్లాడీ మాట్లాడీ, 'మీకు ఇన్ని మాటలు తెలుసే, గళ్ళు కూర్చండి' అన్నాడు."

"నేను చేరినప్పుడైనా చెప్పాల్సింది కదమ్మా!"

"మానేద్దామనుకున్నానే. నిజం. ఆ వారమే మానేసేదాన్ని. మొదటి రోజు ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా, 'అమ్మా, ఉడుత అని ఒకాయన ఉన్నాడు, ఎంత బుర్రో తెలుసా' అన్నావు. నన్ను చూసి ఎప్పుడైనా అలా మాట్లాడావా? ఏం వండావు, కరెంటు బిల్లు కట్టావా, ఇవే కదా మన మాటలు. ఉడుతతో మాత్రం గంటసేపు మాట్లాడేదానివి, ఇక్కడే, నా ముందే. ఎలా మానమంటావు?"

పెన్నమ్మకు కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. లేచి వెళ్ళి అమ్మ తలను తన పొట్టకు హత్తుకుంది. పొద్దున్నుంచీ దాచుకున్న ఏడుపంతా అప్పుడు ఏడ్చింది, మధ్యలో నవ్వింది కూడా. "ఆయన అని అన్నానా? రెండేళ్ళూ మీసాలున్న మనిషిని ఊహించుకున్నాను," అంది. అమ్మ కూడా నవ్వేసింది.

నవ్వు ఆగాక అసలు సంగతి ముందుకొచ్చి కూర్చుంది. తల్లీకూతుళ్ళిద్దరికీ ఒకేసారి తట్టింది.

"రేపు నేనొస్తా," అంది అమ్మ. "వచ్చి చెప్తా, మాట మా ఎక్స్ఛేంజిది, పిల్ల నా దగ్గర నేర్చుకుంది, దానికేం తెలీదని."

"నువ్వొస్తే నా పని అయిపోయినట్టే. కూర్చింది తల్లి, పూరించింది కూతురు, ఇద్దరూ ఒకే ఇంట్లో. నాకు తెలీదంటే ఎవరు నమ్ముతారు? నేనైతే నమ్మను."

 అబద్ధమాడితే దొంగ, నిజం చెబితే ఇంకా పెద్ద దొంగ. ఎవరి మీదా కోపం తెచ్చుకునే వీలు కూడా లేదు, అదే పెద్ద బాధ.

"సరే, రేపటి పరీక్ష ఒకటుంది కదా," అంది పెన్నమ్మ, తనకు తానే ధైర్యం చెప్పుకుంటూ. "అది సరిగ్గా రాస్తే చాలు. కానీ అమ్మా, మన మాటలు ఇంకెన్ని ఉన్నాయో! ఏది మనదో, ఏది అందరిదో నాకు తెలీడం లేదు. ఎకసెక్కెం ఉందా?"

"అది అందరిదేనే. నిఘంటువులో చూశాను."

"జాబిడి? చొక్కా చెయ్యి తడిసి చర్మానికి అతుక్కోవడం?"

"ఉందిగా."

"ఎక్కడుంది?"

అమ్మ ఆలోచించింది. "ఇంట్లో ఉంది," అని ఒప్పుకుంది.

ఇద్దరికీ మళ్ళీ నవ్వొచ్చింది. ఒక్కో మాటా బల్ల మీద పెట్టి చూసుకుంటుంటే అదో ఆటలా తోచింది. పెద్ద ఆపరేటరమ్మ బోర్డు ముందు కూర్చుని ఎన్ని పుట్టించిందో మహాతల్లి! ఇటు నుంచి అటు వైర్లు మారుస్తూ మాటలు కూడా అంటించేసినట్టుంది. లోకం దగ్గర పేరు లేని చిన్న చిన్న సంగతులన్నిటికీ ఈ ఇంట్లో పేర్లున్నాయి. ఆ సంపద తమ ఇద్దరిదేనని తెలిసి పెన్నమ్మకు భయం కాస్త తగ్గింది.

"మరి ఉసకారం?" అంది ఉత్సాహంగా. "ఎవరినో పిలిచి, తీరా వాళ్ళొచ్చాక ఎందుకు పిలిచామో మరిచిపోవడం. అదీ మనదేనా?"

అమ్మ నవ్వు ఆగిపోయింది.

మామూలుగా ఆగలేదు. పెదవులు నవ్వుకోసం తెరుచుకున్నవి తెరుచుకున్నట్టే ఉండిపోయాయి. కళ్ళు కూతురి మొహం మీద నుంచి తప్పుకుని, తరిగిన బీన్సు మీదికి, అక్కడి నుంచి కిటికీ మీదికి పోయాయి. సీలు వేసి సంపాదకుడి సొరుగులో ఉన్న కవరు, రేపు యజమాని ముందు విప్పబోయే కవరు, అందులో ఏముందో తెలిసిన మనిషి మొహం అది.

"అమ్మా, చెప్పకు," అంది పెన్నమ్మ. "ఒక్క మాట కూడా చెప్పకు."

"నేనేం చెప్పలేదే!"

చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. పొద్దున సంపాదకుడి గదిలో పెన్నమ్మ చెయ్యని తప్పుకు నిందపడింది. ఇప్పుడు, ఎవరూ కావాలని చెయ్యకుండానే, ఒక జవాబు నిజంగానే ఆమెకు ముందు తెలిసిపోయింది. రేపు అందరి ఎదుటా ఆ గడుల దగ్గరికి వచ్చినప్పుడు ఉసకారమని రాస్తే తోరిమి కథే మళ్ళీ మొదలు. తెలియనట్టు ఖాళీ వదిలేస్తే ఎవరూ పట్టుకోలేరు, పేజీ నిలుస్తుంది, ఉద్యోగం నిలుస్తుంది, అమ్మ పేరు బయటపడదు. ఒకే ఒక్క గడి వరస ఖాళీగా వదలాలి, అంతే. ఇన్నాళ్ళూ తెలియనప్పుడు మాత్రమే ఖాళీ వదిలిన పెన్ను అది.

ఫోన్ మోగింది.

అమ్మ అలవాటు కొద్దీ లేవబోయి ఆగింది. పెన్నమ్మ కొంగుతో మొహం తుడుచుకుని తీసింది.

"ఏమ్మా," అన్నాడు సంపాదకుడు, పొద్దుటికంటే మెత్తగా. "యజమానిగారితో మాట్లాడాను. రేపు తొందరగా వచ్చెయ్. నువ్వు గట్టెక్కుతావని నాకు నమ్మకం. ఆ మాట ఎక్కడిదో ఏమైనా తెలిసిందా?"

పెన్నమ్మ అమ్మ వైపు చూసింది. అమ్మ రెండు చేతులూ జోడించి, వద్దు వద్దు అన్నట్టు తల ఊపుతోంది. ఎవరి కోసం వద్దంటోందో, తన కోసమో, కూతురి కోసమో, ఆ తల ఊపడంలో తెలియలేదు.

"తెలిసిందండీ," అంది పెన్నమ్మ.   "కానీ రేపటి పజిల్ నేను పూరించకూడదు."

 అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు, ఎవరితోనో 'ఒక్క నిమిషం' అన్న మాట, తలుపు మూసిన శబ్దం. మళ్ళీ మాట్లాడినప్పుడు ఆ గొంతులో మెత్తదనం లేదు.

"ఎందుకు పూరించకూడదు?" అన్నాడు సంపాదకుడు. "కవరు ఇంకా నా సొరుగులోనే ఉంది. అందులో ఏముందో నీకెలా తెలుసు?"